వాల్వుకీ పిస్టనుకీ మధ్య ఎంతుంది?

అందరికీ నమస్కారమండి. విశ్వకర్మ పూజ రోజు పులిహోర చల్లారకముందే ముగించమన్నారు. వేదిక మీది పెద్దల పేర్లు చదవడం మానేశాను, ఏమీ అనుకోకండి.

చెరువు గట్టు మీది జనరేటరైనా, కాలవ నీళ్లు తోడే ఇంజినైనా, ఓవర్‌హాలు చేసి స్టార్ట్ చేయగానే టక్ టక్ మని కొడితే ఆపి హెడ్, అంటే సిలిండరు పై మూత, విప్పండి. పిస్టను నెత్తిన అర్ధచంద్రంలా గుర్తుంటే వాల్వు తగిలినట్టే. వాల్వు వంగుతుంది, పుష్‌రాడ్ వంగుతుంది, గైడు పగులుతుంది. వాల్వు తల తెగి లోపల పడిందో, పిస్టనుతోపాటు అది ఆడే గొట్టం, లైనరూ పోయినట్టే.

పొగ బయటికి పోయే ఎగ్జాస్టు స్ట్రోకు ముగిసి, గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్ మొదలయ్యే చోట రెండు వాల్వులూ కాస్త తెరిచే ఉంటాయి, పిస్టనూ పైనే ఉంటుంది. పిస్టను పూర్తిగా పైకి చేరే చోటు టీడీసీ. క్రాంకు తిరుగుడులో దానికి సుమారు 10, 15 డిగ్రీల ముందు ఎగ్జాస్టుకీ, అంతే తరవాత ఇన్‌టేక్‌కీ ఖాళీ బాగా తగ్గుతుంది. అందుకే క్రాంకు, అంటే పిస్టనుని ఆడించే షాఫ్టు, టీడీసీలో ఆపి చూస్తే చూసినట్టు కాదండి.

పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే తెచ్చుకోండి. ఉండవలసిన ఖాళీకంటే కాస్త మందంగా పిస్టను మీద వాల్వు దిగే చోట అంటించండి. వాల్వు ముఖానికి నూనె రాయండి, లేకపోతే ముద్ద దానికే అతుక్కుని లేచొస్తుంది. హెడ్ కింద వేసే గ్యాస్కెట్ మీరు వేయబోయే మందంలోదే, ఒకసారి బిగించి నలిగినదై ఉండాలి. బోల్టులు పూర్తి టార్కుకి బిగించండి. వాల్వుని నొక్కే భాగానికీ వాల్వుకీ మధ్య ఉండే ట్యాపెట్ గ్యాపు సున్నా చేయండి. నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ ట్యాపెట్లయితే అవి లోపలికి కుంగి తప్పుడు లెక్క చెబుతాయి, వాటి చోట గట్టివి పెట్టి కొలవండి. ఇంజెక్టరు విప్పి, ఇంజిన్ తిరిగే దిక్కునే రెంచితో క్రాంకు రెండు చుట్లు పూర్తిగా తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకండి. తరవాత హెడ్ తీసి, ముద్దని బ్లేడుతో కోసి, అన్నిటికంటే పలచని చోట వెర్నియర్‌తో చూడండి.

ఎంతుండాలి? పెట్రోలు ఇంజిన్లకి మామూలుగా ఇన్‌టేక్ దగ్గర 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్టు దగ్గర 2.5 అంటారు. ఎగ్జాస్టు వాల్వు వేడికి సాగుతుంది, పైగా పిస్టను దాని వెనకే తరుముకొస్తుంది. ఈ అంకెలు డీజిలుకి వేయకండి. అక్కడ ఖాళీ చాలా తక్కువ, కంపెనీ మాన్యువల్ చెప్పిందే లెక్క.

ఇక అసలు గొడవ దగ్గరికొస్తాను. ఫేసింగు, అంటే ముఖం చెక్కి చదును చేయడం! హెడ్ వంగిందని 0.2 మిల్లీమీటర్లు తీస్తారు. రెండేళ్లకి ఇంకో 0.2. బ్లాకు కూడా తీస్తారు. వాల్వులు నిలువుగా ఉన్న ఇంజిన్లో తీసినంతా ఖాళీలోంచే పోతుంది. మళ్లీ విప్పిన మేస్త్రీకి ఆ సంగతెలా తెలుస్తుందండి? హెడ్ మీద రాయరు, బిల్లులో రాయరు. లేత్ అన్నల్లారా, మీ దగ్గర నంబర్ పంచ్ ఉంది. ఎంత తీశారో హెడ్ పక్కన, ఫేసు మీద కాదు, పక్కన కొట్టండి. దానికి ఎంతసేపు పడుతుంది?

మళ్లీ పనిలోకొద్దాం. ఖాళీ చాల్లేదనుకోండి. ముందు టైమింగు మార్కులు చూడండి. వాల్వులు తెరిచే షాఫ్టు క్యామ్. దాని గేరుకి 40 పళ్లుంటే ఒక్క పన్ను తప్పినా క్రాంకులో 18 డిగ్రీల తేడా. క్యామ్ ముందుకి పోతే ఇన్‌టేక్, వెనక్కి పోతే ఎగ్జాస్టు దగ్గరవుతుంది. తరవాత వాల్వు మూసుకుని కూర్చునే సీటు చూడండి. కొత్త సీటు వేశాక వాల్వు హెడ్ ముఖం దాటి పిస్టను వైపు పొడుచుకొస్తే, సీటు కోసి మాన్యువల్లో ఉన్న లోతుకి దింపాలి. ఫేసింగు వల్ల తగ్గినదైతే మందం గ్యాస్కెట్. కానీ డీజిల్లో దానికీ హద్దుంది, కంప్రెషన్ పడిపోయి తెల్లారి స్టార్టింగు ఇబ్బంది పెడుతుంది. పిస్టను నెత్తిన వాల్వు కోసం ఉండే గుంట, పాకెట్, లోతు చేయడం ఆఖరి దారి. దాని కింద పిస్టను నెత్తి (క్రౌను) ఎంత మందం మిగులుతుందో కొలవకుండా టూలు పెట్టకండి. ఏం సరిచేసినా కొత్త ముద్ద పెట్టి మళ్లీ కొలవాల్సిందే.

పంచ్ సంగతి మాత్రం మర్చిపోకండి అన్నల్లారా, మళ్లీ చెబుతున్నాను.

ఇదుగో, ఈ బల్ల మీద సింగిల్ సిలిండరు ఇంజిన్ ఉంది, ముద్ద పెట్టి హెడ్ బిగించే ఉంచాం. వెనక వరసలో తమ్ముడూ, నువ్వే, ఇలా రా. రెంచి పట్టుకో. నెమ్మదిగా తిప్పు, నెమ్మదిగా.