ఎపిసోడ్ 47: రెండు వందల ఒకటో యూనిట్

శేఖర్: నమస్కారం. బావా బామ్మర్దుల కబుర్లకి స్వాగతం. ఈసారి ఫోన్లో కాదు, ఎదురెదురుగా కూర్చున్నాం. కిరణ్ నిన్న రాత్రి విజయవాడ నుంచి కారేసుకుని హైదరాబాద్‌లో మా కొత్తపేట వచ్చాడు.

కిరణ్: కరెంటు కారేసుకుని.

శేఖర్: ఆ సంగతికే వస్తున్నా. నల్గొండ నుంచి ఒకాయన రాశారు. ఎలక్ట్రిక్ కారు కొనాలనుకుంటున్నారట. ఇంట్లో చార్జింగ్ పెడితే ఎంతవుతుంది, బయట పెడితే ఎంతవుతుంది అని అడిగారు. మనం ఇరవై నిమిషాల్లో చెప్పేసి, మిగతా టైమ్‌లో పచ్చళ్ల ఎపిసోడ్‌కి వచ్చిన ఉత్తరాలు చదువుదాం.

కిరణ్: పచ్చళ్ల జోలికి మళ్లీ వెళ్లకు బావా. భీమవరం వాళ్లు ఇంకా చల్లారలేదు.

శేఖర్: ఆ ఊరి పేరెత్తావు. డబ్బాలో పది రూపాయలు వెయ్యి.

(నాణెం చప్పుడు)

కిరణ్: సరే, లెక్క. నాది నెక్సాన్, 45 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. కంగారు పడక్కర్లేదు, కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిటే. గోడ ప్లగ్ నుంచి తీసుకున్న ఒక్కో యూనిట్‌కి నాకు ఆరున్నర, ఏడు కిలోమీటర్లు వస్తుంది. దారిలో కొంత వేడిగా పోతుంది కదా, అది కూడా కలిపే చెబుతున్నా. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే 150 యూనిట్లు. అదే పెట్రోల్ కారు లీటర్‌కి పదిహేను ఇస్తుందనుకో, లీటర్ 107 రూపాయలనుకో. ఏడు వేలు దాటుతుంది.

శేఖర్: 150 యూనిట్లు ఎంత పెట్టి లెక్కేశావు?

కిరణ్: ఇంటి రేటు. మీ తెలంగాణలో నెలకి వంద యూనిట్లు దాటిన ఇంటికి మూడు రూపాయల నలభై పైసల నుంచి మొదలు కదా.

శేఖర్: అదిగో. అక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. కిరణ్, నిన్న రాత్రి కారు ఎక్కడ ప్లగ్ పెట్టావు?

కిరణ్: కింద స్టిల్ట్ పార్కింగ్‌లో. నీ స్కూటర్ ప్లగ్‌కి.

శేఖర్: నన్ను అడిగావా?

కిరణ్: నువ్వు పడుకున్నావు. అయినా స్కూటర్‌కి 15 ఆంప్స్ ప్లగ్ ఎందుకు పెట్టించావు బావా?

శేఖర్: ముందుచూపు. ఎన్ని యూనిట్లు తాగింది?

కిరణ్: పద్దెనిమిది. యాప్‌లో ఉంది.

శేఖర్: పద్దెనిమిది. నల్గొండ సార్, ఇప్పుడు జాగ్రత్తగా వినండి. నిన్న సాయంత్రానికి ఈ నెల మా వాడకం 186. రేపు సాయంత్రం రీడింగ్ తీస్తారు. రోజుకి ఆరు చొప్పున రెండు రోజులకి పన్నెండు. 198 దగ్గర ఆగాల్సింది. మా నాన్నగారు వంటింటి క్యాలెండర్ మీద రోజూ రాస్తారు.

కిరణ్: మావయ్యగారి క్యాలెండర్ గురించి వినేవాళ్లందరికీ తెలుసు.

శేఖర్: ఇవాళ పొద్దున్న ఆయన కిందికి వెళ్లి మీటర్ చూసి పైకొచ్చారు. ఏమీ మాట్లాడలేదు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ కిందికి వెళ్లారు. రెండోసారి వచ్చాక ‘పద్మా, రాత్రి ఏసీ రెండు గదుల్లో వేశారా?’ అని అడిగారు.

కిరణ్: (నవ్వు) అయ్యో. గీజర్ అనుకోవాల్సింది. అసలు దొంగ గీజరే బావా. రెండు వేల వాట్లు. అరగంటకి ఒక యూనిట్.

శేఖర్: నీ గీజర్ గోల పక్కన పెట్టు. 200 వరకు మాకు ఎలా వేస్తారంటే, మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80. 198 యూనిట్లకి ఎంత? 340, దానికి 470 రూపాయల 40 పైసలు. మొత్తం 810.40. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం వదిలెయ్, కరెంటు వరకే చెబుతున్నా. ఇప్పుడు నీ పద్దెనిమిది కలిపితే 216. ఆ పైన పదహారుకి మాత్రమే ఎక్కువ వేస్తారనుకుంటున్నావా?

కిరణ్: అంతేగా.

శేఖర్: కాదు. మీటర్ 200 దాటగానే మొదటి 200కీ రేటు మారిపోతుంది. ఒకటో యూనిట్ నుంచీ 5.10. అంటే 1020. పైన పదహారు 7.70 చొప్పున 123.20. మొత్తం 1143.20.

కిరణ్: ఉండు... 332.

శేఖర్: 332.80. పద్దెనిమిది యూనిట్లకి. ఒక్కోటి పద్దెనిమిదిన్నర రూపాయలు పడింది.

కిరణ్: అమ్మో. సూర్యాపేటలోనే ఇంకో పావుగంట కూర్చోవాల్సింది.

శేఖర్: అక్కడ ఎంత?

కిరణ్: ఇరవై, ప్లస్ జీఎస్టీ. మొదటి మిషన్ తెర మీద ఎర్ర అక్షరాలు మెరుస్తున్నాయి, పని చెయ్యలేదు. రెండో దానికి ఒకాయన పెట్టేసి ఇడ్లీ తినడానికి పోయాడు. ఆయన వచ్చాక నాది. 24 యూనిట్లు, 480, జీఎస్టీ 86.40. మొత్తం 566.40. నా ఇడ్లీ వేరే.

శేఖర్: ఇంట్లో కరెంటు మీద జీఎస్టీ లేదు కదా, అక్కడెందుకు?

కిరణ్: వాళ్లు కరెంటు అమ్ముతున్నట్టు కాదు. చార్జింగ్ అనేది ఒక సేవ అని 2018లో కేంద్ర విద్యుత్ శాఖ తేల్చింది. దానివల్ల లైసెన్స్ లేకుండా ఎవరైనా స్టేషన్ పెట్టుకోవచ్చు. కానీ సేవ అన్నాక 18 శాతం జీఎస్టీ వచ్చి కూర్చుంది. తమాషా ఏంటంటే కారు కొన్నప్పుడు జీఎస్టీ 5 శాతమే.

శేఖర్: బాగుంది. కారుకి ఐదు, దాని తిండికి పద్దెనిమిది.

పద్మ: (దూరం నుంచి) ఏవండీ, ఆ 332 గొడవ మైకులో కూడానా? వాడు పుట్టింటి నుంచి వచ్చాడు. మామిడికాయలు తెచ్చాడు.

శేఖర్: మామిడికాయలు వేరే, మీటర్ వేరే పద్మా.

పద్మ: ఒరేయ్ కిరణ్, పోయిన వేసవిలో ఈయన పుట్టినరోజుకి వీళ్ల ఆఫీసు వాళ్లు పది మంది వచ్చి తెల్లారేదాకా ఏసీ కింద పేకాడారు. ఆ నెల 240 యూనిట్లు వచ్చింది. ఆ లెక్క చెప్పమను.

శేఖర్: ఇది ఎడిట్‌లో తీసేద్దాం.

కిరణ్: తియ్యను. (నవ్వు) గీజర్ కూడా వేసి ఉంటారు.

శేఖర్: మే నెలలో గీజర్ ఎవడేస్తాడ్రా!

కిరణ్: స్విచ్ ఆపడం మర్చిపోయినవాళ్లు.

శేఖర్: చూడు, నా బాధ 332 కాదు. ఆ ఒక్క యూనిట్. 200 అయితే 820 రూపాయలు. 201 అయితే 1027.70. ఒక్క యూనిట్ 207 రూపాయల 70 పైసలు! ప్రపంచంలో ఇంత ఖరీదైన యూనిట్ ఎక్కడైనా ఉందా? అంతకన్నా పెద్ద గోడ ఇంకోటుంది. గృహజ్యోతి.

కిరణ్: మీకు లేదుగా.

శేఖర్: మాకు లేదు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకి. 2024 మార్చి నుంచి 200 లోపు అయితే జీరో బిల్లు. 200 దాటితే మొత్తం కట్టాలి. అంటే సున్నా నుంచి ఒక్కసారిగా వెయ్యి. మా ఇంట్లో పనిచేసే ఆమె ఏప్రిల్, మే వస్తే మీటర్ చూసుకుంటూ బతుకుతుంది. ఇరవయ్యో తారీఖు దాటాక పిల్లలు హాల్లో ఒకే ఫ్యాన్ కింద చాప వేసుకుని పడుకుంటారట. ఫ్రిజ్ రాత్రి కట్టేసి పొద్దున్న వేస్తారు. పాలు విరిగిపోతే ఆ పాల డబ్బులు ఏ లెక్కలో వెయ్యాలి అని నన్నే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కిరణ్: (కాసేపు ఆగి) అవును. అది నవ్వే విషయం కాదు.

శేఖర్: మా నాన్నగారికి ఈ క్యాలెండర్ అలవాటు ఎప్పటి నుంచో తెలుసా? 2000 నుంచి. ఆ ఏడు కరెంటు చార్జీలు పెంచారు. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి, ముగ్గురు చనిపోయారు. నాన్న ఆ రోజు ఆబిడ్స్‌లో బస్సు దొరక్క ఇంటిదాకా నడిచొచ్చారు. అప్పటి నుంచీ రోజూ రీడింగ్ రాస్తున్నారు. పాత క్యాలెండర్లన్నీ అటక మీద ఉన్నాయి, పారెయ్యనివ్వరు.

కిరణ్: నాకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

శేఖర్: నువ్వు ఎప్పుడూ గీజర్ గురించే మాట్లాడతావు.

కిరణ్: (నవ్వు) సరేలే. కానీ బావా, మాకు ఆ గోడ లేదు. నెల వాడకాన్ని బట్టి మొత్తం రేటే మార్చేసే ఆ గ్రూపులన్నీ ఆంధ్రాలో 2022లో తీసేశారు. ఇప్పుడు మెట్లే. మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. ఎన్ని కాల్చినా మొదటి ముప్పైకి 1.90నే.

శేఖర్: మరి మీ ట్రూ అప్?

కిరణ్: అబ్బా, ఎత్తావా. కరెంటు కొనడానికి ముందు అనుకున్నదానికన్నా ఎక్కువైన ఖర్చుని తర్వాత మన బిల్లులో రాబట్టడమే అది. 2023లో యూనిట్‌కి 40 పైసలు వేశారు. బిల్లు మీద ఒక్కో నెల ఒక్కో పేరుతో ఏదో గీత ఉంటుంది. మా ఆవిడ బిల్లుని దీపం దగ్గర పెట్టి చదువుతుంది, జాతకం చదివినట్టు.

శేఖర్: నీ కారు లెక్క మీ మెట్ల మీద చెప్పు.

కిరణ్: ఇల్లు 180 అనుకో. 747 అవుతుంది. కారుకి 150 కలిపితే 330, బిల్లు 1935.75. తేడా 1188.75. అంటే కారు యూనిట్ 7.92, ట్రూ అప్ కాకుండా.

శేఖర్: అదే మా దగ్గర 180కి 724. 330కి 2060. తేడా 1336. యూనిట్ 8.90. చూశావా? నల్గొండ సార్, ఇదే నేను చెప్పేది. బిల్లుని యూనిట్లతో భాగించి సగటు తీసుకుంటే ఆరూ పాతిక వస్తుంది. అది తప్పు లెక్క. కారు ఆఖర్న వచ్చిన చుట్టం. ముందే వచ్చిన ఫ్యానూ ఫ్రిజ్జూ కింద పీటలన్నీ ఆక్రమించాయి. దీనికి పై మెట్టే మిగిలింది.

కిరణ్: నన్నే అంటున్నట్టుంది.

శేఖర్: నిన్నూ, నీ కారునీ.

కిరణ్: 8.90 అయినా కిలోమీటర్‌కి రూపాయి ముప్పై పైసలే కదా. పెట్రోల్‌కి ఏడు. నల్గొండ సార్ ధైర్యంగా కొనొచ్చు. పైగా తెలంగాణలో 2026 డిసెంబర్ దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ.

శేఖర్: కొనొద్దని నేనన్నానా? లెక్క సరిగ్గా వెయ్యమంటున్నా. ఇంకో దారి కూడా ఉంది. కారుకి వేరే మీటర్. చార్జింగ్ కేటగిరీలో మా దగ్గర యూనిట్ ఆరు రూపాయలు.

కిరణ్: మాకు 6.70. మరి పెట్టించుకోవేం? 1336 కాస్తా 900 అవుతుంది. గోడా లేదు, మెట్టూ లేదు.

శేఖర్: నువ్వు మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌కి ఎప్పుడూ రాలేదుగా. లిఫ్ట్ పక్కన మీటర్ల బోర్డు ఉంది కదా, అందులో ఇంకో మీటర్‌కి జాగా లేదంటారు. జాగా చేద్దామంటే మంటలొస్తాయంటారు. ఏడాదిగా ‘చూద్దాం’ అనే మాట మీదే ఉంది. ఈ లోపు 402 ఆయన తన మీటర్ నుంచి పీవీసీ పైపులో వైరు లాగేసి బోర్డు కూడా పెట్టుకున్నాడు, ‘ఇతరులు వాడరాదు’ అని.

కిరణ్: సోలార్ వేసెయ్ బావా. కేంద్రం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకి 78,000 సబ్సిడీ. కిలోవాట్‌కి నెలకి 120 యూనిట్ల దాకా వస్తుంది.

శేఖర్: డాబా ఎవరిది? ఇరవై ఫ్లాట్లది. వడియాలు పెట్టుకునే చోటు కోసమే రెండు కుటుంబాలు మాట్లాడుకోవట్లేదు. అక్కడ నేను పలకలు పరుస్తానా?

కిరణ్: వడియాలు అంటే గుర్తొచ్చింది, పచ్చళ్ల ఉత్తరాలు...

శేఖర్: ఆగు, ఒకటి మిగిలింది. 2024 సెప్టెంబర్ కేంద్రం మార్గదర్శకాల్లో ఏదో పగటి రేటు ఉందన్నావు.

కిరణ్: ఆ. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా, ఎండ కాలంలో... కాదు, ఎండ వేళలో, స్టేషన్లకి ఇచ్చే కరెంటుని, యూనిట్ సరఫరాకి సగటున అయ్యే ఖర్చులో 0.7 వంతుకి ఇవ్వాలని. మిగతా వేళల్లో 1.3 వంతు. అది స్టేషన్‌కి. అది మనదాకా వస్తుందా అంటే, సూర్యాపేటలో నేను పెట్టింది మధ్యాహ్నం మూడింటికి. నాకు ఇరవయ్యే పడింది.

శేఖర్: అంటే ఆ తగ్గింపు ఇడ్లీలో కలిసిపోయింది.

కిరణ్: ఇడ్లీ కూడా అరవై.

పద్మ: (దగ్గరికి వచ్చి) మావయ్యగారు ఏమంటున్నారంటే, ఎలాగూ 200 దాటింది కాబట్టి ఈ రెండు రోజులూ గ్రైండర్, వాషింగ్ మిషన్ అన్నీ వాడేసుకోమంటున్నారు. కర్టెన్లు ఉతకమన్నారు.

శేఖర్: ఇప్పుడు ఒక్కోటీ 7.70 పద్మా! దాటిపోయింది కదా అని...

పద్మ: నాకు కాదు, ఆయనకి చెప్పండి. కర్టెన్లు విప్పేస్తున్నారు.

కిరణ్: అయితే ఇవాళ రాత్రి కూడా కారు పెట్టుకోనా?

శేఖర్: పెట్టు! పెట్టు! నీ ఇష్టం వచ్చినట్టు...

(ఫోన్ మోత)

శేఖర్: వాచ్‌మన్. ఆ, చెప్పు. ఎవరిది? ఏపీ బండా? తెల్లదా? సరే సరే. కిరణ్, నీళ్ల ట్యాంకర్ వచ్చిందట. నీ కారు సంపు మూత మీద ఉంది.

కిరణ్: రాత్రి చీకట్లో కనపడలేదు బావా.

శేఖర్: పరిగెత్తు. వాడు రెండు నిమిషాలు చూసి వెళ్లిపోతాడు, మళ్లీ రేపే. తాళాలు ఏవి?

కిరణ్: మావయ్యగారి క్యాలెండర్ కింద మేకుకి... ఆయన కర్టెన్లతో పాటు...

శేఖర్: ప్లగ్! ముందు ప్లగ్ పీకు, వైరుతో సహా లాక్కుపోతావు. ఒరేయ్, మైకు...