ఆ యస్, నో పెట్టెను తీసేయాలా?

నమస్కారమండీ. విండోస్ కంప్యూటర్‌లో ఏదో సెటప్ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేశారు. స్క్రీన్ మసకబారింది. మధ్యలో ఒక పెట్టె వచ్చి, ఈ యాప్ మీ కంప్యూటర్‌లో మార్పులు చేసుకోవచ్చా అని అడుగుతుంది. చదివేదెవరు? చెయ్యి దానంతటదే యస్ మీదకి పోతుంది. "ఎలాగూ యస్సే కొడతాం కదన్నా, అది రాకుండా చేసే సెట్టింగేదో చెప్పు" అని చాలామంది అడుగుతున్నారు. దాచడానికేముంది, చెప్తాను. ఈ పెట్టె తెచ్చే ఏర్పాటు పేరు యూజర్ అకౌంట్ కంట్రోల్, పొట్టిగా యూఏసీ. స్టార్ట్‌లో యూఏసీ (UAC) అని టైప్ చేస్తే ఒక స్లైడర్ వస్తుంది, దాన్ని అట్టడుక్కి లాగితే పెట్టె రావడం ఆగిపోతుంది. కానీ ఇంట్లో వాడే కంప్యూటర్‌లో ఆ పని చేయొద్దనే నేనంటాను.

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇళ్లలో దాదాపు అన్ని అకౌంట్లూ అడ్మినిస్ట్రేటర్ అకౌంట్లే. మెయిల్‌లో వచ్చిన ఏదో ఫైల్ తెరిచినా సరే, సిస్టమ్ మొత్తం మీద మీకున్న పెత్తనమంతా దానికీ వచ్చేసేది. 2007 జనవరిలో దాని తర్వాతి విండోస్, విస్టా, జనంలోకి వచ్చింది, దాంతోపాటే ఈ పెట్టె. అబ్బో, అప్పట్లో మాట్లాడితే చాలు, ఊడిపడేది. యాపిల్ వాళ్లు దీన్ని వెక్కిరిస్తూ టీవీ యాడే తీశారు. నల్ల సూటు వేసుకున్న సెక్యూరిటీ మనిషి పక్కన నిలబడి, ప్రతి మాటకీ "ఒప్పుకుంటావా, వద్దంటావా" అని అడుగుతుంటాడు.

తమాషా ఏంటంటే, 2008లో మైక్రోసాఫ్ట్‌లో ఈ పని చూసిన డేవిడ్ క్రాస్ ఒక సభలో, జనాన్ని విసిగించడానికే దీన్ని పెట్టామని నేరుగా ఒప్పేసుకున్నాడు. జనం విసిగితే సాఫ్ట్‌వేర్ కంపెనీల మీద పడతారు, కంపెనీలు అవసరం లేకపోయినా అడ్మిన్ అధికారం అడగడం మానేస్తాయి, అదీ ఆయన లెక్క. పనిచేసింది కూడా. ఇలా పెట్టె తెప్పించే ప్రోగ్రాములూ పనులూ ఒక్క ఏడాదిలో 7 లక్షల 75 వేల నుంచి 1 లక్షా 68 వేలకు తగ్గాయని ఆ సంస్థే చెప్పింది. ఈ రోజు మీకు పెట్టె తక్కువగా వస్తోందంటే అప్పటివాళ్లు పడ్డ విసుగూ ఒక కారణం.

ఇప్పుడు లోపల జరిగేది చూద్దాం. మీరు అడ్మిన్‌గా లాగిన్ అయినా విండోస్ మీ చేతికి రెండు తాళం గుత్తులు తయారు చేస్తుంది. ఒకటి చిన్నది, రోజూ వాడేది. బ్రౌజర్, వర్డ్, అన్నీ దాంతోనే నడుస్తాయి. పెద్ద గుత్తి లోపలే ఉంటుంది, యస్ కొడితేనే బయటికి వస్తుంది. స్లైడర్ కిందకి లాగారనుకోండి, ఏ ప్రోగ్రామ్ అడిగినా పెద్ద గుత్తి మీకు చెప్పకుండానే దాని చేతిలో పెడుతుంది.

ఆ మసకబారడం కూడా ఊరికే కాదు. ఆ క్షణంలో విండోస్ మిమ్మల్ని వేరే డెస్క్‌టాప్ మీదకి తీసుకెళ్తుంది. మామూలుగా నడుస్తున్న మరో ప్రోగ్రామ్ అక్కడికొచ్చి యస్ నొక్కలేదు. డాలస్‌లో ఉన్న అబ్బాయి విజయవాడలో నాన్న కంప్యూటర్‌ని రిమోట్‌లో బాగుచేస్తుంటే సరిగ్గా ఇక్కడే ఆగుతుంది చూడండి. "నాన్నా, నాకేం కనపడట్లేదు, అక్కడ యస్ వచ్చిందా, నొక్కు" అంటాడు. అబ్బాయికి చిరాకే. కానీ బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి రిమోట్ యాప్ పెట్టించినవాడికీ అదే అడ్డం. వాడు మాటలతో మిమ్మల్ని ఒప్పించి, మీ చేతే యస్ నొక్కించాలి. అందుకే స్లైడర్‌లో మసకబారకుండా పెట్టె మాత్రం వచ్చే మెట్టు, పైనుంచి మూడోది, కూడా నాకు నచ్చదు.

అలాగని దీన్ని యాంటీవైరస్ అనుకోవద్దు. మీ ఫొటోలు, డాక్యుమెంట్లు మీ చిన్న గుత్తితోనే తెరుచుకుంటాయి కాబట్టి, వాటికి తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్‌కి ఏ పెట్టెతోనూ పని లేదు. బ్యాకప్ వేరే ఉండాల్సిందే. ఇది దాటరాని గోడ కాదని మైక్రోసాఫ్టే చెప్తుంది. విండోస్ సొంత ప్రోగ్రాములు కొన్నింటికి అడక్కుండానే అధికారం దొరుకుతుంది, ఆ సందులోంచి దూరే మాల్‌వేర్ ఉంది. పైమెట్టులో అయితే వాటికీ అడుగుతుంది, అందుకే నా కంప్యూటర్‌లో స్లైడర్ దాని మీదే ఉంటుంది.

షాపు లెక్కలకి పాత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఇది గట్టిగా వినండి. పాత ప్రోగ్రాములు కొన్ని డేటాని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే రాయాలని చూస్తాయి. విండోస్ వాటిని ఆపకుండా, యూజర్ ఫోల్డర్‌లోని వర్చువల్‌స్టోర్ అనే చోటికి మళ్లిస్తుంది. విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో ఎనేబుల్ ఎల్‌యూఏ (EnableLUA) అనేదాన్ని సున్నా చేసి యూఏసీని పూర్తిగా చంపేశారో, ఆ మళ్లింపు కూడా పోతుంది. మర్నాడు సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఎప్పటివో పాత లెక్కలు కనపడతాయి. డేటా పోలేదు, వర్చువల్‌స్టోర్‌లో ఉంది, కంగారుపడి రీఇన్‌స్టాల్ చేయకండి.

మరి పెట్టె వచ్చినప్పుడు ఏం చూడాలి? పబ్లిషర్ పేరు. పెట్టె పైపట్టీ నీలం రంగులో ఉంటే ఆ పేరుకి డిజిటల్ సంతకం ఉంది, పసుపైతే లేదు. సంతకం ఉన్నంత మాత్రాన మంచిదని కాదు, మీరు ఇప్పుడు చేస్తున్న పనికీ ఆ పేరుకీ సంబంధం ఉందా అన్నదే ముఖ్యం. మీరేం చేయకుండా వచ్చిందా, నో. ఇన్వాయిస్ అని వచ్చిన ఫైల్ తెరిస్తే అడిగిందా, నో. క్రాక్ సాఫ్ట్‌వేర్ ఇచ్చేవాడు ముందు ఇది ఆఫ్ చేయమన్నాడా, ఇంక నేను చెప్పేదేముంది!

పిల్లలకి, పెద్దవాళ్లకి స్టాండర్డ్ అకౌంట్ చేసిపెట్టండి. అప్పుడు యస్ సరిపోదు, అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇక రోజూ వాడే ఒకే ఒక్క ప్రోగ్రామ్ మిమ్మల్ని విసిగిస్తుంటే, విండోస్‌లోనే ఉండే టాస్క్ షెడ్యూలర్‌లో హయ్యెస్ట్ ప్రివిలేజెస్ (అంటే పెద్ద గుత్తితో నడపమని) టిక్ పెట్టి దానికో టాస్క్ చేసి, షార్ట్‌కట్‌తో నడపండి. దానికి మాత్రం పెట్టె రాదు, మిగతావాటికి వస్తుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉన్నదానికే ఇలా చేయండి. డౌన్‌లోడ్స్‌లో పడున్నదానికి చేస్తే, ఎవరైనా అదే పేరుతో వేరే ఫైల్ అక్కడ పెట్టినా అదీ అడక్కుండానే నడుస్తుంది.