ఈ రాళ్లెందుకు?

అందరికీ నమస్కారం. దేవుడు దారి చూపుతాడని మనకు జ్ఞాపకం చేసే గుర్తుల గురించి ఒక నీలి దారంతో నా మాట మొదలుపెడతాను.

ఇశ్రాయేలీయులు తమ బట్టల అంచులకు కుచ్చులు కట్టుకోవాలని, ప్రతి కుచ్చులో ఒక నీలి దారం ఉండాలని బైబిలులో సంఖ్యాకాండము 15వ అధ్యాయం చెబుతుంది. కారణమూ అక్కడే ఉంది. ఆ దారాన్ని చూసి దేవుని ఆజ్ఞలను తలచుకోవాలి, సొంత మనసూ సొంత కళ్లూ లాగిన వైపు కొట్టుకుపోకూడదు. నన్ను కదిలించేది ఆ దారం ఉన్న చోటు. అది ఆలయ శిఖరం మీద లేదు, బట్ట అంచున ఉంది. నడుస్తుంటే కాలికి తగులుతుంది, వంగితే కంటబడుతుంది. దేవుడు దారి చూపుతాడని ప్రార్థన వేళ ఒప్పుకోవడం ఎవరికీ కష్టం కాదు. ఆ నమ్మకం అక్కరకు రావలసింది పని మధ్యలో, ఒక్క అబద్ధం ఆడితే గండం గట్టెక్కుతుందని అనిపించిన నిమిషంలో. 1699లో గురు గోవింద్ సింగ్ స్థాపించిన ఖాల్సా అనే సిక్కుల సమాజంలో ఉక్కు కడియం చేతికే ఉంటుంది. ఆ చెయ్యి దేని కోసం చాచినా కడియం కూడా వెంట వెళుతుంది.

ఇప్పుడు యొర్దాను నది దగ్గరికి వెళదాం. నలభై ఏళ్లు అరణ్యంలో తిరిగిన ఇశ్రాయేలు జనం నది ఒడ్డున నిలబడ్డారు. కోతకాలం, నది గట్లు దాటి పారుతోంది. నీళ్లు ఆగాక అడుగు వేయండని దేవుడు చెప్పలేదు. మందసాన్ని, అంటే దేవుని ఆజ్ఞల పలకలున్న పెట్టెను, మోస్తున్న యాజకుల పాదాలు నీటిలో మునిగిన తరువాతే ప్రవాహం ఆగిందని యెహోషువ గ్రంథం చెబుతుంది. ఈ వరుసను దయచేసి గమనించండి. ముందు పాదం తడిసింది, తరువాత దారి తెరుచుకుంది. మనం మాత్రం దారి మొత్తం కనబడితేనే కదులుతామని భీష్మించుకుని కూర్చుంటాం.

దాటాక, గోత్రానికి ఒకరి చొప్పున పన్నెండుమంది నది నడుమ నుంచి ఒక్కొక్క రాయిని భుజాన మోసుకొచ్చారు. వాటిని గిల్గాలులో నిలబెట్టారు. రేపు పిల్లలు 'ఈ రాళ్లెందుకు?' అని అడగాలి, పెద్దలు జరిగినది చెప్పాలి. ఒడ్డున రాళ్లకు కొదవ ఉండదు కదా! అయినా భయం ఎక్కడ ఉందో ఆ నది నడుమ నుంచే రాళ్లను తెమ్మన్నాడు దేవుడు.

నా సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట నా భార్యకు శస్త్రచికిత్స జరుగుతుంటే బయట కూర్చుని, జేబులోని చిన్న కొయ్య శిలువను అరచేయి నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకున్నాను. ఆమె కోలుకుంది. అంతకు రెండేళ్ల ముందు మా నాన్న కోలుకోలేదు. రెండుసార్లూ అదే శిలువ, అదే జేబు. కాపాడడం ఆ కొయ్యముక్క పని కాదని నాకు అప్పుడే అర్థమైంది. ఎవరి చేతిలో ఉన్నానో గుర్తు చేయడమే దాని పని. నాన్న పోయిన రోజున కూడా అది ఆ పని చేసింది.

ఈ తేడా చెరిగిపోతే ఏమవుతుందో చెప్పే కథ ఇత్తడి సర్పానిది. అరణ్యంలో పాము కాటు తిన్నవారు చూసి బతకాలని, దేవుని మాట మీద మోషే దాన్ని చేయించాడు. కొన్ని వందల ఏళ్ల తరువాత జనం ఆ సర్పానికే ధూపం వేయసాగారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. మోషే చేతి వస్తువు, అంత పవిత్రమైన జ్ఞాపకం! ఎంత గుండెదిటవు కావాలి! నా దృష్టిలో అది విశ్వాసంతో చేసిన పని. ఇత్తడి మారలేదు, జనం చూపు దాని దగ్గరే ఆగిపోయింది.

గుర్తు మన పనిని తాను చేసిపెట్టదు కూడా. పార్థసారథి రూపాన్ని తలచుకోండి. పగ్గాలు కృష్ణుడివి, విల్లు అర్జునుడిదే. గీత అంతా చెప్పాక కూడా, ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యి అంటాడు కృష్ణుడు. నీవు చెప్పినట్టే చేస్తానన్న మాట అర్జునుడి నోట రావలసిందే.

సమూయేలు ప్రవక్త నిలబెట్టిన రాయి నాకు అన్నిటికంటే ఇష్టం. ఇశ్రాయేలీయులు తమ శత్రువులైన ఫిలిష్తీయుల చేతి నుంచి బయటపడ్డాక దానికి ఎబెనెజరు అని పేరు పెట్టాడు, సహాయపు రాయి అని అర్థం. 'ఇంతవరకు యెహోవా మనకు సహాయం చేశాడు' అన్నాడు. ఆ 'ఇంతవరకు' అన్న మాటలో ఎంత నిజాయితీ ఉందో చూడండి. రేపు ఏం జరుగుతుందో ఆ రాయి చెప్పదు. నిన్నటి దాకా నడిపించినది ఎవరో చెబుతుంది.

ఆ కొయ్య శిలువ ఇప్పటికీ నా జేబులోనే ఉంది. తాళంచెవి కోసం వెతికినప్పుడు వేలికి తగులుతుంది. తగిలినప్పుడల్లా 'ఇంతవరకు' అని మనసులో అనుకుని, తలుపు తీసి బయటికి నడుస్తాను.