కినోవాకి అసలు అంత సీనుందా?

(స్క్రీన్ మీద: ఒక గిన్నెలో తెల్లన్నం, ఇంకో గిన్నెలో ఉడికిన కినోవా)

కినోవా ప్యాకెట్ వెనక్కి తిప్పితే ప్రొటీన్ 14 గ్రాములని కనిపిస్తుంది, వెంటనే బుట్టలో వేసేస్తాం. అది 100 గ్రాముల పచ్చి గింజల లెక్కండీ! ఉడికాక నీళ్లు పీల్చుకుంటుంది కదా, అప్పుడు 100 గ్రాములకి సుమారు 4.4 గ్రాములే. అన్నంలో 2.7. తేడా ఉంది గానీ గుడ్డు మానేసి దీని మీద ఆధారపడేంత లేదు.

దీని గొప్పంతా ప్రొటీన్ నాణ్యతలో ఉంది. ప్రొటీన్‌ని కట్టే ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు, వాటిలో మన ఒంట్లో తయారుకాని తొమ్మిదీ ఇందులో ఉన్నాయి, ముఖ్యంగా బియ్యంలో, గోధుమల్లో తక్కువుండే లైసిన్. అయితే అన్నంలో పప్పు కలుపుకున్నా ఆ లోటు తీరుతుంది, ఆ ముక్క మాత్రం ప్యాకెట్ మీద ఎవరూ రాయరు.

షుగర్ ఉన్నవాళ్ల సంగతికొస్తే, దీని గ్లైసెమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో షుగర్‌ని ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే అంకె) 53 దగ్గర, అంటే తెల్లన్నం కంటే తక్కువ, పీచు కూడా బాగా ఎక్కువ. అలాగని రెండు గిన్నెలు లాగిస్తే మాత్రం షుగర్ పెరగక మానదు. 2017లో వచ్చిన ఒక చిన్న ట్రయల్‌లో బరువు ఎక్కువున్నవాళ్లు రోజుకి 50 గ్రాముల చొప్పున 12 వారాలు తింటే ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, తగ్గాయి. పాల్గొన్నది 50 మందే, కాబట్టి దాన్ని పట్టుకుని గుండెకి మందు అనకండి.

(స్క్రీన్ మీద: బొలీవియా, పెరూ మ్యాప్)

బొలీవియా, పెరూల్లో టిటికాకా సరస్సు చుట్టుపక్కల వేల ఏళ్లుగా పండిస్తున్న పంట ఇది. పాలకూర, బీట్‌రూట్, తోటకూరల కుటుంబం, గోధుమలకి చుట్టం కాదు, అందుకే గోధుమల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ ఇందులో ఉండదు. ఐక్యరాజ్యసమితి 2013ని కినోవా సంవత్సరంగా ప్రకటించింది, కరువు తట్టుకుంటుందని మన అనంతపురంలో కూడా సాగు చేసి చూశారు.

వండే ముందు బాగా కడగండి. గింజ పైపొరలో సాపోనిన్లు ఉంటాయి, చేదూ నురగా వాటివల్లే, నురగ పోయేదాకా రుద్ది కడగాలి. కప్పుకి రెండు కప్పుల నీళ్లు పోసి సన్న సెగ మీద పావుగంట ఉంచితే ఉడికిపోతుంది. కొందరిలో రాళ్లకి దారితీసే ఆక్సలేట్లు ఇందులో ఉంటాయి కాబట్టి కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టర్‌ని అడిగి తినండి.

నన్నడిగితే, గోధుమ పడనివాళ్లకీ రోజూ అన్నమేనా అని విసుగొచ్చినవాళ్లకీ ఇది మంచి మార్పు. ధర చూసి టెన్షన్ పడేవాళ్లు జొన్నరొట్టె తినండి, దాన్లోనూ గ్లూటెన్ లేదు.