నాలుగోసారి అన్నం

శ్రోతలకు నమస్కారం.

మాది తార్నాక. నాలుగేళ్ల కిందట నా బరువు 81 కిలోలు. డాక్టరమ్మ టేపు తీసి నడుం కొలిస్తే 98 సెంటీమీటర్లు. మన దేశంలో ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని ఆవిడే చెప్పారు. షుగరు అంచుల్లో ఉందన్నారు. ఉన్న బరువులో ఐదు నుంచి పది శాతం తగ్గినా బీపీకి, షుగరుకి మేలేనన్నారు. అంటే నేను తగ్గాల్సింది నాలుగు నుంచి ఎనిమిది కిలోలు. అది విన్నాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాటి నుంచి ఐదున్నరకు అలారం. పదకొండు రోజులు నడిచాను. పన్నెండో రోజు వాన. ఆపైన చుట్టాలింట పెళ్లి. అంతే, ఆగిపోయింది. అంతకుముందూ మూడుసార్లు ఇలాగే జరిగింది. ప్రతిసారీ నాకు పట్టుదల లేదని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, పట్టుదల ఒక్కదాని మీదే అంత భారం వేయడం నా పొరపాటు అనిపిస్తోంది.

ఎందుకంటే, బరువు తగ్గడం మొదలుకాగానే శరీరం కరువొచ్చిందనుకుంటుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. ఒంట్లో కొవ్వు నిల్వలున్నాయని మెదడుకు చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. కేలరీల ఖర్చు కూడా తగ్గిపోతుంది. ఏడాది గడిచినా ఇది పూర్తిగా సర్దుకోదు. రోజూ ఆకలితో ఒంటరిగా పోట్లాడే మనిషి ఏదో ఒక సాయంత్రం అలిసిపోవడం సహజం. ఆ సాయంత్రానికి పక్కన ఎవరైనా ఉండాలి.

నాకు కింద పోర్షన్‌లో ఉండే వదిన దొరికారు. "ఒక్కదాన్నే వెళ్లాలంటే బద్ధకంగా ఉంటోంది, మీతో వస్తాను" అన్నారు ఓ రోజు మెట్ల దగ్గర. అప్పటికి నేను మానేసి పది రోజులైంది, ఆ మాట చెప్పలేకపోయాను. మర్నాడు పొద్దున్నే మా గ్రిల్లు మీద తాళంచెవితో కొట్టారు. టక్, టక్. అలారమైతే నొక్కేసి మళ్లీ పడుకోవచ్చు. డిసెంబరు చలిలో శాలువా కప్పుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్ల మీద నిలబడ్డ మనిషిని ఎలా వెనక్కి పంపుతాం? ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ దాకా వెళ్లి వచ్చేవాళ్లం. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడిస్తే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. మాటల్లో పడితే ఆ అరగంట తెలిసేదే కాదు.

1961లో న్యూయార్క్‌లో జీన్ నిడెచ్ అనే గృహిణి ఉండేది. క్లినిక్‌లో ఇచ్చిన డైట్ పాటిస్తూనే చాటుగా బిస్కెట్లు తినేది. ఆ సంగతి డాక్టర్లకు చెప్పుకోలేక, ఆరుగురు స్నేహితురాళ్లను ఇంటికి పిలిచి చెప్పేసింది. తీరా చూస్తే వాళ్లదీ అదే కథ. వారం వారం కలవడం మొదలుపెట్టారు. 1963లో వెయిట్ వాచర్స్ సంస్థ పుట్టింది అక్కడి నుంచే. దాచుకున్న తిండి గురించి చెప్పుకోవడానికి ఒక మనిషి ఉంటే చాలు, సగం బాధ తీరుతుంది. నేను బేకరీ దగ్గర ఆగి తిన్న ఉస్మానియా బిస్కెట్ల లెక్క వదినకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

అసలు కష్టం వంటింట్లో. మన భోజనం చూడండి. పప్పులోకి అన్నం, కూరలోకి అన్నం, చారులోకి అన్నం, చివర పెరుగులోకి అన్నం. నాలుగుసార్లు! నేను వద్దంటే మా అత్తయ్యకు ప్రాణం ఒప్పేది కాదు. "పెరుగన్నం తినకుండా లేస్తే తిన్నట్టా?" అని గరిటె పట్టుకుని నిలబడేవారు. నేను విసుక్కోవడం, ఆవిడ చిన్నబుచ్చుకోవడం. చివరికి ఓ రోజు రిపోర్టు చేతిలో పెట్టి, "అత్తయ్యా, నాకు షుగరొస్తుందేమోనని భయంగా ఉంది, మీరే దారి చూపించాలి" అన్నాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. మర్నాడు నా కంచంలో ముందు బీరకాయ కూర పడింది, గిన్నెడు. దాని పక్కన పప్పు. అన్నం ఒకే ఒక్క గరిటె. పెరుగు బదులు గ్లాసులో మజ్జిగ, కరివేపాకు నలిపి వేసి. వారం తిరిగేసరికి మా ఆయన కంచం కూడా అలాగే మారింది.

ఇంట్లో ఒకరు తగ్గాలనుకుంటే మార్చాల్సింది ఇంటి వంట. ఒక్కరికే విడిగా జొన్నరొట్టె పెట్టి మిగతావాళ్లు ఎదురుగా బిర్యానీ తింటుంటే ఎవరు తట్టుకుంటారు? బంధువులను కూడా ఒకటి వేడుకుంటున్నాను. ఫంక్షన్లో కనబడగానే "ఇంత లావయ్యావేంటి" అనకండి. తగ్గాక "చిక్కిపోయావు, షుగరా?" అని కూడా అనకండి. ఆ మాట పట్టుకుని ఇంటికెళ్లి ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. ముఖ్యంగా పిల్లల దగ్గర ఇలాంటి మాటలు అసలు వద్దు.

నెలకు పది కిలోలంటూ అమ్మే పొడులు, మాత్రల జోలికి పోవద్దు. మా తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వారానికి అరకిలో తగ్గడం సురక్షితమని చెబుతుంది. తిండి తగ్గించినా బరువు కదలకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. వాడుతున్న మందుల సంగతి డాక్టరుకు చెప్పండి.

నేను పద్నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. కిందటేడు వదినా వాళ్లు నాగోలు మారిపోయారు. రెండు నెలల్లో మూడు కిలోలు తిరిగొచ్చాయి. ఆ మాట ఫోన్లో చెప్పాను. ఇప్పుడు రోజూ ఐదున్నరకు నా ఫోను సరిగ్గా రెండు రింగులు మోగి ఆగిపోతుంది. అక్కడ ఆవిడ చెప్పులు వేసుకున్నారని అర్థం. నేనూ రెండు రింగులు ఇచ్చి, తాళంచెవి తీసుకుని మెట్లు దిగుతాను.

నమస్కారం.