ముందు పాదం చూడండి

(విజయవాడలో బొమ్మల కళాకారులు, వడ్రంగులు, విద్యార్థులు కూడిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఇంత ఉక్కపోతలో కొయ్య గురించి వినడానికి వచ్చారంటే మీకు కాస్త పిచ్చి ఉన్నట్టే. నాకూ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

మా అమ్మాయి వాళ్లు వాంకూవర్‌లో ఉంటారు. అక్కడికి వెళ్లిన తల్లిదండ్రులందరినీ తీసుకెళ్లినట్టే మమ్మల్నీ స్టాన్లీ పార్కుకు తీసుకెళ్లారు. సుమారు వెయ్యి ఎకరాల పార్కు. మూడు వైపులా సముద్రం, ఒడ్డు వెంట నడక దారి. అందులో బ్రాక్టన్ పాయింట్ అనే చోట ఆ తీరపు ఆదివాసులు చెక్కిన టోటెమ్ స్తంభాలు నిలబెట్టారు. ఒక్కో స్తంభం ఒక్కో మాను. దాని మీద కాకి, గద్ద, ఎలుగుబంటి, తిమింగలం, మనిషి, ఒకరి నెత్తి మీద ఒకరు కూర్చున్నట్టు చెక్కి ఉంటాయి. మనవాళ్లు కొందరు అక్కడ చెప్పులు విప్పి దణ్ణం పెట్టడం కూడా చూశాను. నిజానికి అవి పూజకు పెట్టినవి కావు. ఒక వంశం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ గుర్తులు పెట్టుకునే హక్కు దానికి ఉంది, ఎవరి జ్ఞాపకంగా ఆ మాను నిలబెట్టారు అన్నవి చెబుతాయి. చదవడం వచ్చినవాళ్లకు అది వంశ చరిత్ర.

అందరూ తల పైకెత్తి ఫొటోలు తీసుకుంటుంటే నేను వంగి మొదళ్లు చూస్తున్నాను. మా ఆవిడ "పడిపోయిందేమన్నా వెతుకుతున్నారా?" అంది. మా ఇంట్లో తాతల నాటి నుంచి ఉలి, బాడిశ పట్టినవాళ్లే. ఆ ఇళ్లలో పుట్టినవాడికి కొయ్య పని ఏది కనిపించినా కళ్లు ముందు కిందికే పోతాయి. ఈ రోజు మీతో చెప్పాలనుకున్నది కూడా ఇదే. బయట ఎండకూ వానకూ నిలబెట్టిన కొయ్య శిల్పాన్ని చూసేటప్పుడు మొదట దాని పాదం చూడాలి. మొహం చెక్కినవాడి సంగతి చెబుతుంది. పాదం దాన్ని పెట్టినవాళ్ల సంగతి చెబుతుంది.

ఎందుకంటారా? ఊళ్లో పశువుల్ని కట్టే గుంజ ఎప్పుడన్నా పీకారా? నేల పైన బాగుంటుంది. లోతుగా పాతిన కొన కూడా చాలాసార్లు గట్టిగానే వస్తుంది. నేలకు సరిగ్గా సమంగా ఉండే జానెడు మేర మాత్రం పిండి పిండిగా రాలిపోతుంది. కొయ్యను తినే బూజుకు తేమ కావాలి, గాలీ కావాలి. కర్రలో తేమ సుమారు 20 శాతం లోపు ఉంటే అది మొదలుకాలేదు. పూర్తిగా నీళ్లలో మునిగితే గాలి అందదు కాబట్టి అప్పుడూ బతకలేదు. తడీ గాలీ రెండూ దొరికేది నేల గీత దగ్గరే, నీటి గీత దగ్గరే. కంచిలో అత్తి వరదరాజస్వామిని చూడండి. అత్తి మానుతో చేసిన విగ్రహం. నలభై ఏళ్లపాటు కోనేటి నీళ్ల అడుగున ఉంటుంది. 1979లో బయటికి వచ్చి, మళ్లీ 2019లోనే దర్శనమిచ్చింది. నీళ్లంటే కొయ్యకు శత్రువు అని మనం అనుకుంటాం కానీ, ఊరికే తడిసి ఆరుతూ ఉండటమే దానికి అసలు చావు.

ఇంకో సంగతి. కర్రలో నీరు పక్కల నుంచి కంటే కోసిన కొనల నుంచే ఎక్కువ లాగబడుతుంది. చెట్టు బతికున్నప్పుడు వేళ్ల నుంచి ఆకులకు నీళ్లు మోసిన గొట్టాలే కదా అవి! చెట్టు చచ్చినా ఆ దారులు ఉంటాయి. నిలువుగా నిలబెట్టిన మాను కింది నుంచి తాగుతుంది, పై నుంచి వాన నీళ్లు దించుకుంటుంది. అందుకే మన వడ్రంగులు గుమ్మాల కాళ్లకు తారో జీడినూనో పూస్తారు. అక్కడి వాళ్లు కూడా ఇలాంటి స్తంభాల తలమీద చాలాచోట్ల రేకు కప్పుతారు, వెనక ఇనుప ఊత ఇచ్చి కాలు మట్టికి తగలకుండా ఎత్తుతారు. సందర్శకుడికి అవి కంటికి అడ్డం. నాకు మాత్రం అవే ముచ్చటగా అనిపిస్తాయి.

వెనక వైపు చూస్తే మరో తెలివి కనబడుతుంది. పెద్ద స్తంభాల్ని చాలావరకు వెనక నుంచి డొల్ల చేస్తారు. బరువు తగ్గుతుంది, పగుళ్లూ తగ్గుతాయి. గుండ్రటి దుంగ ఆరేటప్పుడు చుట్టు కొలతలో ముడుచుకునేది, నడిమి నుంచి బెరడు వైపుగా ముడుచుకునే దానికి దాదాపు రెండింతలు. ఆ తేడాకు ఎక్కడో ఒకచోట బీట వారక తప్పదు. నడిమి గుండె తీసేస్తే ఆ లాగుడు తగ్గుతుంది. లోహపు పనిముట్లు విస్తారంగా రాకముందు నుంచీ వాళ్లు ఆ మాను పని చేస్తున్నారు. వాళ్లు వాడే వెస్టర్న్ రెడ్ సీడర్‌లో బూజును ఆపే రసాలు సహజంగానే ఉంటాయి. దాన్ని మన దేవదారు అనుకోకండి, చెట్టే వేరు. అయినా అంత మాను కూడా ఆ తడి ఒడ్డున వందేళ్లు నిలిస్తే గొప్ప.

మరి వందేళ్ల తర్వాత ఏం చేస్తారు? స్టాన్లీ పార్కులో వాళ్లు ఎంచుకున్నది నకళ్ల దారి. అక్కడి స్తంభాల సేకరణ 1920లలో మొదలైంది, 1962లో ఇప్పుడున్న చోటికి మార్చారు. పాతవి పాడవుతుంటే చాలావాటిని మ్యూజియాలకు పంపి కొత్తగా చెక్కించారు. చార్లీ జేమ్స్ అనే ఆదివాసీ శిల్పి చెక్కిన, థండర్‌బర్డ్ అనే పురాణ పక్షి ఉన్న ఇంటి స్తంభానికి 1987లో టోనీ హంట్ నకలు చెక్కాడు. చార్లీ జేమ్స్ మనవరాలు ఎలెన్ నీల్ 1955లో చెక్కిన స్తంభమూ అదే పార్కులో ఉంది. తాత పనికి నకలు, మనవరాలి పని ఒకే పచ్చిక మీద. నకలంటే మనం చిన్నచూపు చూస్తాం. అక్కడ నకలు చెక్కడమంటే ఒక తరం చేతికి పని నేర్పడం. కెనడా ప్రభుత్వం 1885 నుంచి 1951 దాకా ఆ ఆదివాసులు విందులు పెట్టి కానుకలు పంచే పాట్లాచ్ పండగల్నే నిషేధించింది. స్తంభం నిలబెట్టడం ఆ పండగలతో ముడిపడిన పని. అలాంటి చోట ఉలి పట్టే చెయ్యి మిగలడమే పెద్ద సంగతి.

అదే దేశంలో ఉత్తరాన స్గంగ్ గ్వాయ్ అనే, హైదా ఆదివాసుల పాత గ్రామం ఉంది. 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ స్తంభాల్ని ఒరిగిపోనిస్తున్నారు, నాచు పట్టనిస్తున్నారు. మట్టి నుంచి వచ్చింది మట్టికి పోవాలన్నది వాళ్ల మాట. మూడో దారి మనకు దగ్గర్లోనే ఉంది, పూరీలో. రథాలు ఏటా కొత్త కర్రతో కడతారు. వేపమాను విగ్రహాల్నీ కాలం వచ్చినప్పుడు మారుస్తారు, చివరిసారి 2015లో మార్చారు. దాచుకోవడం, వదిలెయ్యడం, మళ్లీ చెయ్యడం. ఏది గొప్పదని నేను తీర్పు చెప్పను కానీ, శిల్పం పెట్టిన రోజే ఈ మూడింట్లో ఒకటి తేల్చుకోకుండా పెట్టడం మాత్రం నాకు నచ్చదు.

స్టాన్లీ పార్కు గురించి ఒక చేదు మాట కూడా చెప్పాలి. ఆ స్తంభాలు చాలావరకు ఉత్తరాది జాతులవి. ఆ నేల మస్క్వియమ్, స్క్వామిష్, స్లేల్ వాటుత్ జనాలది. వాళ్ల ఊళ్లు లేపేసిన చోట వేరేవాళ్ల స్తంభాలు తెచ్చి అందంగా నిలబెట్టారన్నమాట. 2008లో ఆ నేల శైలిలో సూసన్ పాయింట్ చేసిన ద్వారాలు వచ్చాకే కొంత సరిపడింది. 2009లో స్క్వామిష్ శిల్పి రాబర్ట్ యెల్టన్ తన తల్లి జ్ఞాపకంగా ఒక స్తంభం చెక్కి నిలబెట్టాడు. ఆ కుటుంబం ఆ ఒడ్డునే ఉండేది.

ఇక మన ఒడ్డుకు వద్దాం. కృష్ణ పక్కన పార్కులు ఉన్నాయి, ఘాట్లు ఉన్నాయి, భవానీ ద్వీపం ఉంది. మన పార్కుల్లో కర్ర అంటే ఏమిటి? సిమెంటుతో దుంగ ఆకారం పోసి, బెరడు గీతలు గీసి, గోధుమ రంగు పూసిన బెంచీలు, రెయిలింగులు! నవ్వుకోకండి, మన పూర్వీకులూ ఆ పనే చేశారు. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో గుండ్రటి బౌద్ధ చైత్యం లోపలికి వెళ్లి పైకి చూడండి. రాతి కప్పులో వాసాలు చెక్కి ఉంటాయి. రాతికి వాసాలు అక్కర్లేదు. కర్ర చైత్యాల అలవాటు చెయ్యి వదల్లేదు. అమరావతి స్తూపం చుట్టూ ఉన్న రాతి కంచె కూడా వడ్రంగి పట్టీలు దూర్చినట్టే ఉండేది. వాటికి మాతృకలైన కర్ర కట్టడాలు ఒక్కటీ మనకు దక్కలేదు. తేడా ఏమిటంటే, వాళ్లకు కర్ర పని బాగా వచ్చి రాయిలోకి మార్చారు. మనం కర్ర పని మానేసి సిమెంటు పోస్తున్నాం.

పెద్ద కొయ్య శిల్పం మనకు లేదా అంటే, ఉంది. మంగళగిరి రథం ఉంది. ఫాల్గుణంలో లక్షల మంది దాని తాడు పట్టుకుంటారు. దాన్నెవరూ శిల్పం అనరు, అంతే. పండగ రోజు బయటికొస్తుంది, తర్వాత నీడకు చేరుతుంది. ఆ నీడ ఎంత ముఖ్యమో, ఎంత చాలదో 2020 సెప్టెంబరులో అంతర్వేదిలో చూశాం. షెడ్డులోనే రథం కాలిపోయింది. 2021 ఫిబ్రవరి కల్యాణానికి కొత్త రథం సిద్ధమైంది. అంత త్వరగా అయిందంటే, ఆ పని తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి.

మన ఊళ్లో ఏటి ఒడ్డున ఒక పెద్ద కొయ్య శిల్పం పెట్టాలని ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. కొండపల్లి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉండగా ఆ బొమ్మనే పెద్దది చేసి పెడితే పోలా అన్నాడు. ఆలోచన బాగుంది, కర్ర బాగాలేదు నాయనా. ఆ బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్ర తేలిక, మెత్తన. అందుకే వేళ్లంత చేతులు కూడా చెక్కగలుగుతారు, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు, సున్నం పూసి రంగులేస్తారు. అల్మరాలో తరాలు ఉంటుంది. మన మొదటి వానాకాలం చాలు, బయట పెడితే దాని పని అయిపోతుంది. ఆకారం కొండపల్లిది తీసుకోండి, కర్ర చేవదేరిన టేకు తీసుకోండి, లేకపోతే బండి చక్రాలకు వాడే నల్లతుమ్మ.

చోటు సంగతి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.4 లక్షల క్యూసెక్కులు దాటింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దిమ్మెలనే దెబ్బతీశాయి. ఘాటు మెట్ల మీద పెడితే బొమ్మ సముద్రం దాకా పోతుంది. గట్టు పైన, వరద గీతకు ఎగువన పెట్టాలి. రాతి దిమ్మె కట్టి, ఇనుప చెప్పు తొడిగి, కాలికీ రాతికీ మధ్య గాలి ఆడేలా మూడు నాలుగు అంగుళాలు వదలాలి. చెదలు ఎక్కితే మట్టి దారి కళ్లకు కనబడుతుంది, అదో లాభం. ఎండలు 45 డిగ్రీలకు పోయే ఊరు, కాబట్టి బీటలు వస్తాయి. వాటిని సిమెంటుతో పూడ్చవద్దు, లోపల చేరిన నీళ్లు బయటికి రాలేవు. ఏటా తొలకరికి ముందు నూనె పట్టించాలి, అదీ పగుళ్లు చూడటం వచ్చిన మనిషి చేత. రిబ్బను కత్తిరించే రోజుకు పెట్టే ఖర్చులో కొంత ఆ మనిషి జీతానికి రాసి పెట్టండి. టెండరు కాగితంలో ఆ లైను లేకపోతే నన్ను ప్రారంభోత్సవానికి పిలవకండి, రాను.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. వెనక కూర్చున్న వడ్రంగి పెద్దాయన ఇందాకటి నుంచి తల అడ్డంగా ఊపుతున్నారు. నల్లతుమ్మ విషయంలో అనుకుంటా, మొదట ఆయన్నే అడుగుదాం.