మెడలో బిళ్ళ: కణం మీద గుర్తులు

శ్రోతలకు నమస్కారం.

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కట్టడం మన శ్రీకాకుళం పల్లెల్లో అందరూ ఎరిగినదే. పుండు మానితే ఆ బిళ్ళ కూడా కరిగిపోతుంది. నొప్పి లేకుండా, వారాలు గడిచినా తగ్గకుండా, మెడ పక్కనో చంకలోనో పెరుగుతూ పోయే బిళ్ళ సంగతి వేరు. అది పెద్దలు గండమాల అని పిలిచిన క్షయ కావచ్చు. లింఫోమా, అంటే శోషరస వ్యవస్థలోని తెల్లకణాలకు వచ్చే క్యాన్సరు కూడా కావచ్చు. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం రెండింటిలోనూ కనిపిస్తాయి గనుక, చేతితో తడిమి ఏది ఏదో తేల్చడం ఎంత అనుభవమున్న వైద్యునికైనా సాధ్యం కాదు. అందుకే ఆ గ్రంథిని తీసి, ఫార్మలిన్‌లో ఉంచి, మైనపు దిమ్మగా చేసి, పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు.

లింఫోమా అని తేలినా పని సగమే అయినట్టు. అందులో పదుల కొద్దీ రకాలున్నాయి. చాలా రకాల కణాలు కంటికి ఒకే తీరుగా గుండ్రంగా, నీలంగా కనబడతాయి. వాటిని విడదీసి చూపేవి ముఖ్యంగా కణపొర మీద ఉండే ప్రోటీన్లు. ఒక్కొక్క ప్రోటీనునే వెదికి పట్టుకునే ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారుచేసే పద్ధతిని 1975లో కోలర్, మిల్‌స్టైన్ కనుగొన్నారు. ఆ తరువాత ప్రతి ప్రయోగశాలా తనకు తోచిన పేరు పెట్టడంతో గందరగోళం ఏర్పడగా, 1982లో పారిస్‌లో సమావేశమైన శాస్త్రవేత్తలు ఈ ప్రోటీన్లకు సీడీ అనే అక్షరాలతో వరుస సంఖ్యలు ఇవ్వడం మొదలుపెట్టారు. మన పలాసలో జీడిపప్పుకు కూడా 240, 320 అని అంకెలుంటాయి, కాని అవి పప్పు పరిమాణాన్ని చెబుతాయి. సీడీ సంఖ్య కేవలం నమోదు క్రమం. పెద్ద సంఖ్య ఉన్నంత మాత్రాన జబ్బు ముదిరిందని రోగులు భయపడనక్కరలేదు.

వీటిలో సీడీ 20 కథ నాకు ఎంతో ఇష్టమైనది. ఇది తెల్లకణాల్లో ఒక రకమైన బీ కణాల మీద ఉంటుంది, ఆ కణాలకు పుట్టుకనిచ్చే ఎముక మజ్జలోని మూలకణాల మీద ఉండదు. కనుక సీడీ 20ని అంటిపెట్టుకునే రితుక్సిమాబ్ అనే మందు జబ్బు కణాలతో పాటు మంచి బీ కణాలను తుడిచిపెట్టినా, మూలకణాలు మళ్ళీ కొత్తవాటిని పుట్టించగలవు. 1997లో అమెరికాలో అనుమతి పొందిన ఆ మందుకు సాటి మందును 2007లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ మన దేశంలో విడుదల చేసింది. అయితే కణం మీద సీడీ 20 లేనప్పుడు ఈ మందు వల్ల ప్రయోజనం లేదు. హాడ్జ్‌కిన్ అనే లింఫోమా రకంలో కనబడే పెద్ద కణాల మీద సాధారణంగా సీడీ 30 ఉంటుంది, దానికి మందు వేరు.

ఈ గుర్తుల్లో కొన్ని స్వయంగా ఎంజైములే, అంటే రసాయన చర్యలను నడిపించే ప్రోటీన్లే. సీడీ 10 కణం వెలుపల ఉన్న పెప్టైడ్లనే చిన్న ప్రోటీను ముక్కలను కత్తిరిస్తుంది. తెల్లకణాలన్నిటి మీదా దాదాపుగా ఉండే సీడీ 45, పొరకు లోపలివైపు ఉన్న తన భాగంతో ఇతర ప్రోటీన్ల నుంచి ఫాస్ఫేటును తొలగిస్తుంది. అంటే మనం గుర్తింపు కోసం వెదికేది కణానికి పనిముట్టు కూడా.

ఎంజైము లేకపోవడం సైతం చికిత్సకు దారి చూపుతుంది. 1953లో జాన్ కిడ్ అనే శాస్త్రవేత్త గినీ పిగ్ రక్తరసాన్ని లింఫోమా ఉన్న ఎలుకలకు ఎక్కించగా గడ్డలు కరిగాయి. అందులో పనిచేసినది ఆస్పరాజినేజ్ అనే ఎంజైమని 1961లో బ్రూమ్ తెలిపారు. ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని మామూలు కణాలు తామే తయారుచేసుకుంటాయి. కొన్ని లింఫోమా కణాల్లో దాన్ని తయారుచేసే ఎంజైము చాలినంత ఉండదు గనుక అవి రక్తంలో దొరికేదాని మీదే బతుకుతాయి. ఆ నిల్వను ఈ ఎంజైము హరిస్తే వాటికి ఆధారం ఉండదు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ రకానికి నేటికీ ఈ మందు వాడుతున్నారు.

ఇంతటి జ్ఞానం మనకు అక్కరకు రావాలంటే గ్రంథి ముక్క చెడకుండా చేతికి రావాలి. పరీక్షకు ముందే ఎవరో చెప్పారని స్టిరాయిడ్ మాత్రలు మింగకండి, దయచేసి మింగకండి. వాటితో లింఫోమా బిళ్ళ కొన్నాళ్ళు చిక్కిపోయి, కణాలు గుర్తుపట్టలేకుండా పోతాయి. సూదితో తీసిన నీటి పరీక్షలో ఏమీ తేలకపోతే గ్రంథిని తీయించుకోవడానికి వెనుకాడవద్దు. రిపోర్టు చేతికొచ్చినప్పుడు, ప్రతిరక్షకాలతో సీడీ గుర్తులను వెదికే ఇమ్యునో పరీక్ష చేశారా, ఏ సీడీ గుర్తులు కనబడ్డాయి అని అడగండి. ఇక్కడ ఆ పరీక్ష కుదరకపోతే మైనపు దిమ్మను అడిగి తీసుకుని విశాఖపట్నం తీసుకువెళ్ళవచ్చు. ఎండ తగలకుండా, కరగకుండా ఉంచితే అది ఏళ్ళ తరబడి నిలుస్తుంది, రోగికి మళ్ళీ కోత పెట్టవలసిన అవసరం చాలాసార్లు రాదు.